ఒక్క వానను నమ్మని కణం

నేను ఏడో తరగతిలో ఉన్న ఏడు మిరుగు పెట్టగానే ఒక వాన పడింది. నాయిన తొందరపడి పత్తి గింజలు పెట్టాడు. ఆ తరువాత పన్నెండు రోజులు చుక్క రాలలేదు. గింజలు భూమిలోనే మాడిపోయాయి. అప్పు చేసి మళ్ళీ కొన్నాం. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరూ ఒక్క వానను నమ్మరు; నేలలో పదును నిలిచిందా అని చూస్తారు. జీవకణం కూడా ఇలాగే చూస్తుందని బి.ఎస్సీ.లో చేరాకే నాకు తెలిసింది.

కణంలో కబుర్లు మోసేవి ప్రోటీన్లు. కైనేజ్ అనే ఎంజైమ్ ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేటును తీసి ప్రోటీనుకు తగిలిస్తుంది. ఫాస్ఫటేజ్ దాన్ని ఊడదీస్తుంది. తగిలితే ప్రోటీను నడవడి ఒక తీరు, ఊడితే మరో తీరు. 1955లో కండరాల ఎంజైముపై పనిచేస్తూ ఈ సంగతి కనిపెట్టిన ఫిషర్, క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఏటీపీని 1929లోనే హార్వర్డులో ఫిస్కేతో కలిసి గుర్తించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు! అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా విడిగా గుర్తించాడు.

అయితే ఒక ప్రోటీనుకు ఫాస్ఫేటు తగిలే చోటు ఒక్కటే ఉండాలని లేదు. సైదాబాద్‌లో నా అద్దె గదిలో మూడు స్విచ్చులున్నాయి. వేయడం, ఆర్పడం లెక్కన అవి ఎనిమిది తీరులుగా ఉండగలవు. పదైతే 1,024 తీరులు! ఇన్ని చోట్లు దేనికి?

ఈస్టు కణాన్నే చూడండి. వేళ కాకముందే డి.ఎన్.ఏ. నకలు మొదలుకాకుండా సిక్-1 అనే ప్రోటీను కాపలా కాస్తుంది. దానిపై ఇలాంటి చోట్లు తొమ్మిది. కనీసం ఆరింటికి ఫాస్ఫేటు తగిలితేనే కణం దాన్ని పట్టి నాశనం చేస్తుందని 2001లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఒకటి రెండు తగిలితే ఏమీ కాదు. ఎండకు తడి ఆరినట్టు ఫాస్ఫటేజ్ వాటిని ఊడదీయగలదు. కైనేజ్ పని బలంగా, ఆగకుండా సాగితేనే లెక్క ఆరుకు చేరుతుంది.

ఒక్క ఫాస్ఫేటుకే పడిపోయేలా పరిశోధకులు ఆ ప్రోటీనును మార్చి చూశారు. డి.ఎన్.ఏ. నకలు ముందే మొదలైంది, క్రోమోజోములు దెబ్బతిన్నాయి. మా పత్తి గింజల గతే!

మొన్న సెలవుల్లో ఇదంతా నాయినకు చెప్పాను. "అంటే, దానికి ఆరు వానలు కావాలన్నమాట" అన్నాడు. పరీక్షలో నేను ఇంత సూటిగా రాయలేదు.