గీజర్ ఆన్ చేసినా నీళ్లు కాగట్లేదా? మెకానిక్‌ను పిలిచే ముందు ఇవి చూడండి!

అనంతగిరి కొండల చుట్టూ చలి మొదలైందంటే వికారాబాద్, తాండూరు ఇళ్లల్లో తెల్లారగానే గీజర్ స్విచ్ వేయాల్సిందే. తీరా స్నానానికి వెళ్తే నీళ్లు చల్లగా వస్తుంటాయి. ఇక్కడ సమస్య రిపేరు ఖర్చు ఒక్కటే కాదు. పాడైన గీజర్‌ను అలాగే వాడితే ప్రాణానికే ప్రమాదం. అందుకే ఏం చెక్ చేయాలో, ఎక్కడ ఆగాలో తెలిసి ఉండాలి.

లైటే వెలగట్లేదా?

ముందు ఎంసీబీ పడిపోయిందేమో చూడండి. ఒక్కసారి పైకి లేపొచ్చు. వెంటనే మళ్లీ పడిపోతే ఇక ముట్టుకోవద్దు. లోపల షార్ట్ లేదా కరెంట్ లీకేజీ ఉండొచ్చు. ఎంసీబీ బాగానే ఉంటే, స్విచ్ ఆపేసి ప్లగ్ నల్లబడిందేమో చూడండి. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్ల కరెంట్ లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల సాకెటే ఉండాలి.

లైట్ వెలిగినా చల్లగానే ఉన్నాయా?

2000 వాట్ల గీజర్‌లో 15 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు రావడానికి సుమారు 21 నిమిషాలు పడుతుంది. అరగంట దాటినా హీటింగ్ లైట్ వెలుగుతూ నీళ్లు చల్లగానే ఉంటే ఎలిమెంట్ కాలిపోయి ఉండొచ్చు. కరెంట్ ఉన్నా హీటింగ్ లైట్ రాకపోతే థర్మోస్టాట్ లేదా కటౌట్‌లో లోపం కావచ్చు. నీళ్లు మరీ వేడెక్కితే కరెంట్ ఆపేసే సేఫ్టీ స్విచ్చే కటౌట్. దాన్ని తీసేసి డైరెక్ట్‌గా వైర్ కలిపించుకోవడం చాలా డేంజర్.

అసలు కారణం నీళ్లేనా?

తాండూరు అనగానే గుర్తొచ్చేది నాపరాళ్లు. అవి సున్నపురాళ్లే. అలాంటి రాతి పొరల్లోంచి వచ్చే బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువగా కరిగి ఉంటుంది. నీళ్లు కాగినప్పుడు అది విడిపోయి ఎలిమెంట్ మీద తెల్లటి సున్నపు పొరగా పేరుకుంటుంది. దాంతో వేడి నీళ్లకు చేరదు, ఎలిమెంటే మాడిపోతుంది. గీజర్ నుంచి చిటపట శబ్దం, కరెంట్ బిల్లు పెరగడం దీనికి గుర్తులు. సబ్బు నురగ సరిగా రాకపోయినా, నీళ్లు కాచే గిన్నెలో తెల్లటి పొర కడుతున్నా మీ నీళ్లు కఠినమైనవే.

భారత ప్రమాణాల ప్రకారం తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరక్కపోతే 600 వరకు అనుమతిస్తారు.

ఇలా చేస్తే మేలు

చలికాలానికి ముందే ట్యాంక్, ఎలిమెంట్ క్లీన్ చేయించండి. థర్మోస్టాట్‌ను 50-60 డిగ్రీల మధ్య పెడితే పొర తక్కువగా కడుతుంది. సేఫ్టీ వాల్వ్, ఎర్తింగ్ కూడా చూపించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే కరెంట్ లీకైన వెంటనే సప్లై ఆగిపోతుంది.

నల్లా ముట్టుకుంటే జిల్లుమందా? వెంటనే ఎంసీబీ ఆపేయండి. మెకానిక్ వచ్చేదాకా నీళ్లు పొయ్యి మీద కాచుకోవడమే మంచిది. హీటర్ రాడ్ వాడక తప్పకపోతే, ప్లగ్ తీసేశాకే బకెట్‌లో చెయ్యి పెట్టాలి.