మగ్గం మనది, నూలు షావుకారుది

ఒక దేశాన్ని చేతిలో ఉంచుకొనుటకు కోటలు పగులగొట్టనక్కరలేదు. ఈ సంగతి నేతపనివారికి వేరొకరు చెప్పవలసిన పని లేదు. మగ్గం మన ఇంటనే యుండును, గుంట మనదే, చేతులు మనవే. కాని నూలు షావుకారు ఇచ్చును. రంగు అతడు చెప్పును. చీర మడత విప్పి చూచి కూలి అతడే కట్టును. పాతబాకీ పుస్తకంలో ఉన్నంతకాలం మనము మరొక గడప తొక్కలేము. అగ్రరాజ్యాలు ఇతర రాజ్యాలను నడుపు తీరు కూడ ఇట్టిదే.

దీనికి దూరదేశపు ఉదాహరణ వెతకనక్కరలేదు. మన కుండల్‌వాడి 1948 వరకు నిజాం రాజ్యంలోనిది. నిజాముకు తన జెండా, తన నాణెము, తన తపాలా ఉండినవి. ఇంగ్లీషువారు ఆ రాజ్యాన్ని ఏనాడును తమలో కలుపుకొనలేదు. అయినను హైదరాబాదులో రెసిడెంటు మాట కాదని జరిగిన పెద్దపని అరుదు.

1798లో కుదిరిన ఒడంబడికతో నిజాం తన కొలువులోని ఫ్రెంచి అధికారుల దళాలను తొలగించి, కంపెనీ పటాలాన్ని ఉంచుకొనెను. కాపలా కంపెనీది, ఖర్చు నిజాముది. 1800లో ఆ ఖర్చు క్రింద కడప, బళ్లారి సీమలు కంపెనీకి పోయినవి. దత్తమండలాలనగా అవే. అంతటితో తీరలేదు. హైదరాబాదు కంటింజెంటు అని మరొక సైన్యము లేచినది. ఏ ఒడంబడికలోను దానిని పోషించవలెనని లేదు. అధికారులు ఇంగ్లీషువారు, జీతాలు నిజాం ఖజానావి. దివాను చందూలాల్ కాలంలో జీతాలకు పామరు కంపెనీ వద్ద పెద్దవడ్డీకి అప్పు చేసిరి. ఆ అప్పు తీర్చుటకు 1823లో, ఉత్తర సర్కారులకై నిజాముకు ఏటా రావలసిన 7 లక్షల పేష్కషును శాశ్వతంగా వదులుకొనవలసి వచ్చినది. వడ్డీ ఏమి చేయగలదో చూడుడు!

మరల బాకీ పెరిగినది. 1853 మే 21న డల్‌హౌసీ కాలపు ఒడంబడికతో బేరారు కంపెనీ చేతికి పోయినది. 1860లో బాకీ కొట్టివేసిరి. రాయచూరు, ఉస్మానాబాదు సీమలు తిరిగి ఇచ్చిరి. బేరారు మాత్రం ఇవ్వలేదు. 1902లో కర్జను ప్రభువు దానిని ఏటికి 25 లక్షల శాశ్వతకౌలుగా మార్చెను. అప్పు తీరినను తాకట్టు విడువని షావుకారులను మనమును ఎరుగుదుము.

బేరారే ఎందుకు? మన నాందేడుకు ఉత్తరాన పెన్‌గంగ దాటితే బేరారు, నల్లరేగడి, ప్రత్తి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము వచ్చి లాంకషైరు మిల్లులకు ప్రత్తి కరవైనప్పుడు బేరారు ప్రత్తి బొంబాయి మీదుగా ఓడలెక్కినది. తిరుగు ఓడలలో మిల్లునూలు, మిల్లుగుడ్డ వచ్చినవి. సీమనూలు పడుగులో చేరినది. సీమగుడ్డ మన సంతలోనే మనకు పోటీగా నిలిచినది.

నాణెము సంగతియు అట్టిదే. ఇంటి ఖర్చుకు హాలీ సిక్కా. ఎల్లదాటి సరుకు కొనవలెనన్న కల్దారు కావలెను. సుమారు 7 హాలీ రూపాయలకు 6 కల్దార్లు. ఈనాడు ముడిచమురు కొనుటకు మన దేశము డాలర్లు వెతుకుకొనుట చూచినచో ఆ పాత మారకమే గుర్తుకు వచ్చును.

ఇంగ్లీషువారు పోయిన పిమ్మట ఆ స్థానము అమెరికాది. 1956 ఒప్పందము ప్రకారము పి.ఎల్. 480 క్రింద గోధుమలతోబాటు ప్రత్తియు వచ్చినది, రూపాయలకే. ఉపకారము కాదనలేము, ఆకలి తీరినది. కాని 1965, 66 కరవులలో, వియత్నాం యుద్ధమును మన ప్రభుత్వము విమర్శించుట గిట్టక, అధ్యక్షుడు జాన్సను ఓడలను నెలనెలకు కొలిచి వదలెను. 1966 జూన్ 6న డాలరు వెల 4 రూపాయల 76 పైసల నుండి ఏడున్నరకు పెరిగినది. రూపాయి విలువ తగ్గింపునకు ప్రపంచబ్యాంకు, అమెరికా ఒత్తిడి చాలవరకు కారణము.

ఇక 2025 మాట. మన దేశపు టవళ్లకు, దుప్పట్లకు అమెరికాయే పెద్ద సంత. ఆగస్టు 7న ఆ దేశము మన సరుకుపై 25 శాతము సుంకము వేసినది. రష్యా చమురు కొంటున్నారని ఆగస్టు 27 నుండి మరొక 25 కలిపినది. చమురు ఎవరివద్ద కొనవలెనో టవలు మీది సుంకముతో చెప్పుట ఇది. ఈ నడుమ, ఆగస్టు 19న, మన ప్రభుత్వము దిగుమతి ప్రత్తిపై నున్న 11 శాతము సుంకమును ఎత్తివేసినది. మొదట సెప్టెంబరు ఆఖరు వరకు, పిదప డిసెంబరు 31 వరకు. మిల్లులవారు కోరినదే అది. అమెరికాయు ప్రత్తి అమ్మజూచు దేశమే యని మరువరాదు.

నూలు చవకయైన మనకు మేలే గదా యని అనువారున్నారు. నిజమే, నూలు ధర తగ్గినచో మగ్గమునకు ఊపిరి. కాని ఆ డిసెంబరు గడువులోనే బిలోలి, ధర్మాబాదు రైతులు ప్రత్తి ఏరి బజారుకు తెచ్చు రోజులును వచ్చినవి. పండుగకు మన ధోవతి, మన చీర కొనవలసినవారు ఆ రైతులే.