శామీర్‌పేట చెరువు నుంచి మేడ్చల్ చెలకల దాకా: ఒక రోజు మట్టి కోసం తిరిగాను

ఈసారి వీడియో ఒక్క పొలంలో తీసింది కాదు. పొద్దున్నే బండి మీద అల్వాల్, హకీంపేట, తూంకుంట మీదుగా శామీర్‌పేట వెళ్లి, అక్కడి నుంచి ఊళ్ల దారిలో మేడ్చల్ చేరి సాయంత్రానికి తిరిగొచ్చాను. జింకల పార్కు కోసం కాదండీ, మట్టి చూడ్డానికి.

ఈ వైపు నేల చాలావరకు గ్రానైట్ రాయి అరిగి తయారైంది. మిట్ట మీద ఎర్ర చెలక, ఇసుక పాలు ఎక్కువ. వాన నీళ్లు గబగబా ఇంకిపోతాయి, నాలుగు రోజులు ఎండ కొడితే మొక్క వాడుతుంది. దిగువకు పోయే కొద్దీ రంగు మారి, చెరువు దగ్గర బంకమట్టి తగులుతుంది. మిట్ట పొలాల్లోంచి కొట్టుకుపోయిన సన్నమట్టి, ఆకు, పెంట సారం అక్కడే చేరతాయి మరి. ఎండాకాలం పూడిక తీసి చెలకకు తోలడం మన పెద్దల పద్ధతి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలోనూ రైతులు ఆ మట్టి తోలుకున్నారు.

తేడా చూడాలంటే రెండు గాజు సీసాలు చాలు. మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా ఊపి పెట్టండి. ఇసుక నిమిషంలో అడుక్కు దిగుతుంది, ఒండ్రు కొన్ని గంటలకు, బంకమట్టికి ఒక రోజు పైనే. చెలక సీసాలో బంక పొర ఎంత పల్చగా ఉందో వీడియోలో చూడండి. నీటిని, పోషకాలను పట్టి ఉంచేది ఆ పొరే.

మేడ్చల్ దగ్గర ఆకుకూరలు వేసే ఒక పెద్దాయన కలిశాడు. "చెర్వు మట్టి తోలినంక మూడేండ్లు రంది లేకుండె బిడ్డా" అన్నాడు. మరి ఇప్పుడెందుకు తోలట్లేదంటే పక్కన పాతిన ప్లాట్ల రాళ్లు చూపించాడు. ఆయనది ఏడాది కౌలు. వచ్చే ఏడు ఈ భూమి ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు, ట్రాక్టర్ కిరాయి ఎవరి కోసం పెట్టాలి? ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లకు పేరున్న నగర శివార్లలో ఇప్పుడు ఎటు చూసినా వెంచర్ల బోర్డులే.

ఇలాంటి కౌలు రైతుకు చింతల వెంకటరెడ్డి గారి దారి నాకు నచ్చుతుంది. ఆయనది ఈ దారిలోని అల్వాలే, 2020లో పద్మశ్రీ వచ్చింది. పొలంలోనే లోపలి మట్టిని తవ్వి పైన వేయడం, మట్టి కలిపిన నీటిని తేర్చి పిచికారీ చేయడం ఆయన పద్ధతి. దూరం నుంచి తోలే ఖర్చు లేదు. ముందు నాలుగు సాళ్లలో వేసి, పక్క సాళ్లతో పోల్చి చూసుకోండి.

సొంత భూమి ఉన్నవాళ్లు చెరువు మట్టే తోలుకోండి, అయితే అనుమతి తీసుకోవాలి. ఇంకో మాట. నగరం దగ్గర చెరువుల్లోకి మురుగు, ఫ్యాక్టరీ నీళ్లు వచ్చే అవకాశం ఉంది. అది చూడకుండా తోలితే ఆ విషం మన కూరల్లోకే. సీసం, కాడ్మియం లాంటివి జీవామృతం పోసినా పోవు. మామూలు భూసార పరీక్ష కాగితంలో అవి కనిపించవు, ఆ పరీక్ష విడిగా అడిగి చేయించుకోవాలి, అది కూడా మొదటి ట్రాక్టర్ పొలంలో దింపక ముందే.