మిక్సర్ ఎక్కడ ముసలిదవుతుంది?

లాస్ ఏంజిలెస్‌లోని సౌండ్ సిటీ స్టూడియో 2011లో మూతపడుతున్నప్పుడు, సంగీతకారుడు డేవ్ గ్రోల్ అక్కడి మిక్సింగ్ కన్సోల్‌ను, అంటే పెద్ద మిక్సర్‌ను, కొని తన స్టూడియోకు తరలించుకున్నాడు. అది ఇంగ్లండులో తయారైన నీవ్ 8028. 1970ల తొలినాళ్లలో సౌండ్ సిటీ దాన్ని సుమారు 75 వేల డాలర్లు పోసి తెప్పించింది. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బృందం 1975లో తెచ్చిన ఆల్బమ్, 1991 నాటి నిర్వాణా బృందం ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ ఆ కన్సోల్ మీదుగానే రికార్డయ్యాయి. నలభై ఏళ్లకు దగ్గరపడిన ఆ యంత్రం కొత్త చోట మళ్లీ పనిలోకి దిగింది. అనలాగ్ మిక్సర్‌కు ఇంత ఆయుష్షు ఎలా వచ్చిందో తెలిస్తే, మన ఊళ్లో మైకుసెట్టు వాళ్లు అమ్మకానికి పెట్టిన పాత మిక్సర్‌ను ఎలా చూసి కొనాలో కూడా తెలుస్తుంది.

ముందు దాని పని చూద్దాం. మైకు నుంచి వచ్చే విద్యుత్ సంకేతం మామూలుగా కొన్ని మిల్లీవోల్టులే. చానెల్ మొదట్లో ఉండే ప్రీయాంప్లిఫయర్ దాన్ని పెంచుతుంది. 60 డెసిబెల్స్ పెంచిందంటే వోల్టేజి వెయ్యి రెట్లయినట్టు. తర్వాత ఈక్వలైజర్‌లో బేస్, ట్రెబుల్ సరిచేసుకుని, ఫేడర్ దగ్గర ఎంత కావాలో అంత తీసుకున్నాక, అన్ని చానెళ్లూ ఒక తీగ మీద కలుస్తాయి. అక్కడ పాటతో పాటు ప్రతి చానెల్‌లోని సన్నని బుస కూడా కలుస్తుంది. ఒకే స్థాయి బుస ఉన్న 16 చానెళ్లు కలిస్తే అది 12 డెసిబెల్స్ పెరుగుతుంది. మంచి మిక్సర్ తయారీ అంటే ఈ బుసతో చేసే పోరాటమే.

తొలి మిక్సర్లు వాల్వులతో నడిచేవి. వాటి మీద ఎక్కువగా గుండ్రటి నాబ్‌లే. ఒక్కో నాబ్‌కు ఒక చెయ్యి కావాలి. అట్లాంటిక్ రికార్డ్స్ ఇంజనీరు టామ్ డౌడ్ జరిపే ఫేడర్లను వాడుకలోకి తెచ్చాక, ఒక చేతి వేళ్లతోనే నాలుగైదు చానెళ్లను నడపడం సాధ్యమైంది. రూపర్ట్ నీవ్ 1961లో ఇంగ్లండులో కంపెనీ పెట్టి, 1964 నాటికి ట్రాన్సిస్టర్ల వైపు మళ్లాడు. 1966లో నాయ్‌మన్ కంపెనీ నార్వే రేడియో కోసం ట్రాన్సిస్టర్ మైకులు చేసింది. అక్కడి స్టూడియోల్లో అత్యవసర దీపాల కోసం 48 వోల్టుల సరఫరా ముందే ఉంది. మైకులకూ అదే వాడారు. నేటి మిక్సర్ల మీద కనిపించే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ మీటకు మూలం అదే. 1973లో సౌండ్‌క్రాఫ్ట్ తన సిరీస్ 1 మిక్సర్‌ను ప్రయాణపు పెట్టెలోనే అమర్చి, కచేరీల వెంట ఊళ్లు తిరిగేలా చేసింది. డిజిటల్ మిక్సర్ల ధరలు దిగివచ్చాక అనలాగ్‌వి సెకండ్ హ్యాండ్ బజారుకు చేరాయి.

ఇంతకీ మిక్సర్‌లో ముసలివయ్యే భాగాలు ఏవి? రెసిస్టర్లు, ట్రాన్సిస్టర్లు దశాబ్దాలు గడిచినా పెద్దగా మారవు. చెయ్యి తగిలే చోట, గాలి తగిలే చోట, వేడి తగిలే చోట వయసు కనిపిస్తుంది. కొనేటప్పుడు ముందుగా చూడాల్సినవి ఈ మూడు.

చెయ్యి తగిలేవి ఫేడర్లు, నాబ్‌లు. చాలా ఫేడర్లలో కార్బన్ పూత మీద చిన్న లోహపు నాలుక జారుతుంది. దుమ్ము చేరినా, పూత అరిగినా కరకరమంటుంది. పాట పెట్టి ప్రతి ఫేడర్‌నూ మెల్లగా పైకీ కిందికీ జరపాలి. దుమ్మయితే కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. పూత అరిగితే ఫేడరే మార్చాలి.

గాలి తగిలేవి జాక్‌లు, స్విచ్‌లు. బయటి పరికరాన్ని చానెల్ మధ్యలో కలపడానికి ఉండే ఇన్సర్ట్ జాక్‌లో ఏమీ గుచ్చనప్పుడు సంకేతం దాని లోపలి స్ప్రింగు పలకల మీదుగానే పోతుంది. వాటికి చిలుము పడితే చానెల్ మూగబోతుంది. ప్లగ్‌ను నాలుగైదుసార్లు గుచ్చి తీస్తే శబ్దం తిరిగి వచ్చిందంటే లోపం చిన్నదే. ధర తగ్గించమని అడగడానికి అదొక కారణం, వదిలేసి రావడానికి కాదు.

వేడికి లొంగేవి ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్లు. వాటి లోపలి ద్రవం ఏళ్ల తరబడి ఆరిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. పవర్ సప్లైలోవి ఆరితే మన 50 హెర్ట్జ్ కరెంటు మీద 100 హెర్ట్జ్ హమ్ వినిపిస్తుంది. సంకేతం నడిచే దారిలోవి ఆరితే బేస్ పలచబడుతుంది. అందుకే మిక్సర్‌ను కనీసం అరగంట ఆన్‌లో ఉంచి, వేడెక్కాక మళ్లీ వినాలి. మైకులేవీ పెట్టకుండా ఫేడర్లన్నీ పైకెత్తి, హెడ్‌ఫోన్స్‌లో బుస, హమ్ గమనించాలి. మల్టీమీటరు ఉంటే, ఫాంటమ్ మీట వేసి, మైకు గుచ్చే ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్‌లో 1వ పిన్నుకూ 2వ పిన్నుకూ మధ్య, 1కీ 3కీ మధ్య 48 వోల్టులకు దగ్గరగా వస్తోందో లేదో చూడాలి. పవర్ సప్లై విడిగా ఉండే మోడలైతే దాని సొంతదే అడగండి. అమెరికా నుంచి వచ్చిన మిక్సర్ అయితే మన 230 వోల్టులకు సెట్ అవుతుందో లేదో చూడందే ప్లగ్ పెట్టకండి.

ఒక్కో చానెల్‌కు విడి బోర్డు ఉన్న మిక్సర్ దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా అదే మేలు. చెడిన బోర్డును బయటికి లాగి బాగుచేస్తున్నా మిగతా చానెళ్లు పనిచేస్తూనే ఉంటాయి. చౌకరకాల్లో అన్నీ ఒకే పెద్ద బోర్డు మీద ఉంటాయి. ఒక కెపాసిటర్ మార్చడానికి నాబ్‌లన్నీ ఊడదీయాలి.

భజన మందిరానికైనా, నాటక సమాజానికైనా, సౌండ్ పని నేర్చుకునే కుర్రాడికైనా ఇలా పరీక్షించి కొన్న పాత అనలాగ్ మిక్సర్ గొప్ప గురువు. మెనూల్లో ఏదీ దాగి ఉండదు. ఒక్కో మీట ఒక్కో పని చేస్తుంది, చేసిన పని వెంటనే చెవికి తెలుస్తుంది. బేరం కుదిరే ముందు ఆ మోడల్ సర్క్యూట్ డయాగ్రమ్ సంపాదించి, మీ ఊరి మెకానిక్‌కు చూపించండి. ఆయన చదివి, భాగాలు దొరుకుతాయని చెబితే డబ్బు ఇవ్వండి.