డాగ్ ట్రైనింగ్ రిమోట్ కాలర్ కొంటున్నారా? రేంజ్ కంటే ముందు చూడాల్సినవి ఇవే

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేసే మాకు ఈసారి కాస్త వెరైటీ రిక్వెస్ట్ వచ్చింది. మదనపల్లె దగ్గర మామిడి తోట ఉన్న మా బాబాయ్ ఫోన్ చేసి, "ఒరేయ్, నువ్వు ఈ గ్యాడ్జెట్లన్నీ చూస్తుంటావు కదా, మన రాజుగాడికి ఆ రిమోట్ పట్టీ ఒకటి పంపరా" అన్నాడు. రాజు అంటే తోటకి కాపలా కాసే కుక్క. పనిలో మంచివాడే. కానీ పక్క పొలంలో మేకల మంద కనిపిస్తే చాలు, ఎంత పిలిచినా వెనక్కి రాడు. మేకలాయనతో అప్పటికే రెండుసార్లు గొడవైంది.

నేను చేసిన తప్పేంటంటే, స్పెక్స్ చూసి కొనేశాను. ఆన్‌లైన్‌లో పేరు లేని బ్రాండ్, 2,500 రూపాయలు, 1000 మీటర్ల రేంజ్, 99 లెవెల్స్. తోటలో చెట్ల మధ్య వంద మీటర్లు దాటితే సిగ్నల్ లేదు. వారం తిరక్కుండానే రాజు మెడ మీద రెండు పుండ్లు. ఆ తర్వాత చదివి, అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నా. మీరు ఆ తప్పు చేయొద్దనే.

అసలు ఎలా పనిచేస్తుంది?

మన చేతిలో రిమోట్, కుక్క మెడకి రిసీవర్. రిసీవర్ లోపలి వైపు రెండు మెటల్ పాయింట్లు చర్మానికి తగులుతూ ఉంటాయి. బటన్ నొక్కితే ఆ రెండు పాయింట్ల మధ్య కొద్దిగా కరెంట్ వెళ్తుంది. దాన్నే స్టిమ్యులేషన్ అంటారు. చాలా మోడల్స్‌లో బీప్, వైబ్రేషన్ మోడ్స్ కూడా ఉంటాయి. మంచి కంపెనీల కాలర్లలో బటన్ ఎంతసేపు నొక్కి పట్టుకున్నా కొన్ని సెకన్లకి దానంతటదే ఆగిపోయే సేఫ్టీ కట్-ఆఫ్ ఉంటుంది. ఇది లేని కాలర్‌ని లిస్ట్‌లోంచి వెంటనే తీసేయండి.

బాక్స్ మీద రేంజ్‌ని నమ్మొచ్చా?

నమ్మొద్దు. ఆ నంబర్ ఏ అడ్డూ లేని మైదానంలో కొలిచింది. కుక్క మెడ నేలకి అడుగు, రెండడుగుల ఎత్తులో ఉంటుంది. మధ్యలో చెట్లు, గట్లు, పైగా కుక్క ఒళ్లు కూడా సిగ్నల్‌కి అడ్డమే. కాబట్టి బాక్స్ మీద రాసినదాంట్లో సగం కూడా వస్తుందని గ్యారంటీ లేదు. మీ కుక్క 300 మీటర్ల దూరం వెళ్తుందంటే కనీసం 800 మీటర్లు రాసి ఉన్న మోడల్ చూడండి.

లెవెల్స్ ఎక్కువుంటే ఏంటి లాభం?

ఎక్కువ లెవెల్స్ అంటే ఎక్కువ పవర్ అనుకుంటారు చాలామంది. నిజానికి లాభం కింది వైపు ఉంది. ఒక లెవెల్‌కీ తర్వాతి లెవెల్‌కీ తేడా ఎంత చిన్నగా ఉంటే, మన కుక్కకి సరిపోయే అతి తక్కువ లెవెల్ అంత కచ్చితంగా దొరుకుతుంది. ట్రైనర్లు సున్నా నుంచి ఒక్కొక్కటీ పెంచుతూ, కుక్క చెవి కదిపినా, తల తిప్పినా అక్కడే ఆగిపోతారు. కుక్క అరిచిందంటే లెవెల్ దాటేశారన్నమాట.

పేరున్న మోడల్స్ ఏంటి?

ఇవన్నీ అమెరికాలో వేట కుక్కలు, ర్యాంచ్ కుక్కల కోసం బాగా నడిచే మోడల్స్.

స్పోర్ట్‌డాగ్ ఫీల్డ్‌ట్రెయినర్ 425ఎక్స్: 500 గజాల రేంజ్, 21 లెవెల్స్. చిన్న పొలానికి, దగ్గర్లోనే తిరిగే కుక్కకి.

మినీ ఎడ్యుకేటర్ ఈటీ-300: అర మైలు, అంటే సుమారు 800 మీటర్లు. 100 లెవెల్స్. లెవెల్‌ని లాక్ చేసుకోవచ్చు కాబట్టి జేబులో డయల్ తిరిగిపోతుందన్న భయం లేదు.

డాగ్‌ట్రా 1900ఎస్: ముప్పావు మైలు, 127 లెవెల్స్.

గార్మిన్ ఆల్ఫా 200ఐ: ఇది పూర్తిగా వేరే క్లాస్. ట్రైనింగ్‌తో పాటు జీపీఎస్ ట్రాకింగ్, 9 మైళ్ల వరకు రేంజ్, ఒకే హ్యాండ్‌హెల్డ్‌లో 20 కుక్కల్ని చూడొచ్చు.

"అమెరికా నుంచి అన్నయ్య తెస్తాడులే"

ఇక్కడే ఆగాలి. అక్కడి కాలర్లు కొన్ని 902-928 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో, లాంగ్ రేంజ్ ట్రాకింగ్ కాలర్లు 151-154 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. అమెరికాలో వీటికి లైసెన్స్ అక్కర్లేదు. మన దగ్గర అలా కాదు. 902-915 భాగం మన మొబైల్ నెట్‌వర్క్‌ల బ్యాండ్‌లోకి వస్తుంది. ఇండియాలో లైసెన్స్ లేకుండా వాడుకునేవి 433 మెగాహెర్ట్జ్, 865 మెగాహెర్ట్జ్ ప్రాంతం, 2.4 గిగాహెర్ట్జ్ లాంటివి. కొనేముందు స్పెక్ షీట్‌లో ఈ నంబర్ వెతకండి. అది రాయలేదంటే ఆ ప్రొడక్ట్‌ని వదిలేయండి.

ఇంకో పెద్ద చిక్కు ఉంది. ఆల్ఫా 200ఐలో ఇన్‌రీచ్ అనే ఫీచర్ ఇరిడియం శాటిలైట్లతో మెసేజ్‌లు పంపుతుంది. అనుమతి లేకుండా శాటిలైట్ కమ్యూనికేటర్ వాడటం మన దేశంలో నేరం. అలాంటి డివైజ్ బ్యాగులో ఉన్నందుకు విదేశీ టూరిస్టులు ఎయిర్‌పోర్టుల్లో పోలీసులకి చిక్కిన ఘటనలున్నాయి. అన్నయ్యని ఇరికించకండి.

పుండ్లు ఎందుకు పడ్డాయి?

షాక్‌కి కాలిందేమో అని నేను భయపడ్డా. డాక్టర్ చూసి ఒత్తిడి పుండ్లు అన్నారు. పాయింట్లు ఒకేచోట గంటలకొద్దీ నొక్కుకుంటే అక్కడ రక్తం ఆడక చర్మం చచ్చిపోతుందట. బాబాయ్ ఆ కాలర్‌ని పగలూ రాత్రీ తియ్యలేదు. నేనూ చెప్పలేదు. కాబట్టి ట్రైనింగ్ అయిపోగానే తీసేయాలి, వాడుతున్నప్పుడు మధ్యమధ్యలో పక్కకి జరపాలి, రోజూ మెడ తడిమి చూడాలి. ఎంత ఖరీదైన కాలర్‌కైనా ఈ రూల్ మారదు.

చట్టం, సైన్స్ ఏమంటున్నాయి?

వేల్స్‌లో 2010 నుంచి ఈ కాలర్లపై నిషేధం ఉంది. మన దగ్గర 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 ప్రకారం జంతువుకి అనవసరంగా నొప్పి కలిగించడం నేరం. అంటే రిమోట్ పట్టుకున్న చెయ్యి మీదే బాధ్యత.

లండన్ కాదు, ఢిల్లీ కాదు, సరిగ్గా మా రాజుగాడి సమస్య మీదే ఒక స్టడీ ఉంది. ఇంగ్లండ్‌లో లింకన్ యూనివర్సిటీ పరిశోధకులు, పిలిస్తే రాని, గొర్రెల వెంటపడే కుక్కలు 63 తీసుకుని చేసింది. 2014లో పబ్లిష్ అయింది. కాలర్‌తో నేర్పినవాటికి, కాలర్ లేకుండా తాయిలంతో నేర్పినవాటి కంటే చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. పైగా కాలర్ గ్రూప్‌లో టెన్షన్ లక్షణాలు ఎక్కువ కనిపించాయి.

మరోవైపు న్యూజిలాండ్‌లో ఎగరలేని కివి పక్షుల జోలికి కుక్కలు వెళ్లకుండా నేర్పడానికి ఇవే కాలర్లు వాడుతున్నారు. కానీ అది ట్రైన్డ్ మనుషులు, ఒకే ఒక్క పని కోసం, కొద్దిసేపు చేసే ట్రైనింగ్.

మా మాట

కుక్కకి "రా", "ఆగు" ముందే బాగా వచ్చి ఉండి, పక్కన అనుభవమున్న ట్రైనర్ ఉంటేనే ఈ కాలర్ గురించి ఆలోచించండి. అప్పుడైనా చిన్న స్టెప్స్‌లో లెవెల్స్, సేఫ్టీ కట్-ఆఫ్, మన దేశంలో చెల్లే ఫ్రీక్వెన్సీ, నీళ్లలో మునిగినా తట్టుకునే ఐపీఎక్స్7 రేటింగ్ ఉన్నదే తీసుకోండి. కుక్క ఎక్కడుందో తెలిస్తే చాలనుకుంటే సిమ్‌తో పనిచేసే మామూలు జీపీఎస్ ట్రాకర్ నయం. కాకపోతే మీ పొలంలో నెట్‌వర్క్ ఉందో లేదో ముందే చూసుకోండి.

రాజు సంగతంటారా? పుండ్లు మానాయి. ఆ కాలర్ అటక మీద ఉంది. పది మీటర్ల తాడు, ఒక విజిల్, ఉడకబెట్టిన చికెన్ లివర్ ముక్కలతో బాబాయ్ రెండు నెలలు తిప్పలు పడ్డాడు. ఇప్పుడు విజిల్ వేస్తే పదిసార్లలో ఎనిమిదిసార్లు వెనక్కి వస్తున్నాడు. మేకల మంద వచ్చే వేళకి మాత్రం ఇంకా కట్టేస్తున్నారు. ఆ మిగతా రెండుసార్లకి బటన్ నొక్కడం కంటే అదే నయం అంటాడు బాబాయ్. మొత్తం ఖర్చు మూడొందలు దాటలేదు.