ఫోన్‌లో రిమోట్ డెస్క్‌టాప్: కనెక్ట్ అయ్యే ముందే స్క్రీన్ అడ్డంగా పెట్టుకోండి

ఈ ఎపిసోడ్‌లో చెప్పిన టార్నీట్ ట్రైన్ సంగతి చాలామంది అడిగారు, అందుకే వివరంగా రాస్తున్నా. ఆ రాత్రి ఆన్-కాల్ డ్యూటీ నాది. మెల్‌బోర్న్ సదర్న్ క్రాస్‌లో ట్రైన్ ఎక్కానో లేదో ఫోన్ మోగింది: సర్వర్ రీస్టార్ట్ చేయాలి. ఫోన్ నిలువుగా ఉంది, అక్షరాలు చీమల్లా ఉన్నాయి. రీస్టార్ట్ నొక్కబోతే వేలు పక్కనున్న షట్ డౌన్ మీదికి పోయింది. అది నొక్కి ఉంటే, మళ్లీ ఆన్ చేయడానికి ఎవరో ఒకరు అర్ధరాత్రి సర్వర్ దగ్గరికి పరిగెత్తాల్సి వచ్చేది!

ఇక్కడ చాలామంది విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో వెతుకుతారు. రిమోట్ సెషన్ లోపల నుంచి అవి మారవు. స్క్రీన్ ఆకారం చెప్పేది మీ చేతిలోని యాప్, అవతలి కంప్యూటర్ కాదు.

మైక్రోసాఫ్ట్ రిమోట్ డెస్క్‌టాప్ (ఇప్పుడు దాని పేరు విండోస్ యాప్) వాడుతుంటే, యాప్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కింద ఓరియంటేషన్ చూడండి. ఆటో, ల్యాండ్‌స్కేప్, పోర్ట్రెయిట్ అని ఉంటాయి. నేను ల్యాండ్‌స్కేప్ పెట్టుకున్నా. ఇది కొత్తగా తెరిచే సెషన్లకే పనిచేస్తుంది. ఆటో పెట్టుకున్నా స్క్రీన్ తిరగకపోతే, ఫోన్‌లో రొటేషన్ లాక్ ఆన్‌లో ఉందేమో చూడండి.

అవతల విండోస్ 8 లేదా అంతకంటే పాతది ఉంటే, మధ్యలో ఫోన్ తిప్పినా స్క్రీన్ సరిగ్గా సర్దుకోదు. డిస్‌కనెక్ట్ చేసి, ఫోన్ తిప్పి, మళ్లీ కనెక్ట్ అవ్వండి. సైన్ అవుట్ మాత్రం చేయొద్దు, తెరిచిన ప్రోగ్రామ్‌లన్నీ మూసుకుపోతాయి.

ఇంట్లో తీరిగ్గా ఉన్నప్పుడే ఒకసారి సెట్ చేసుకోండి. కాల్ వచ్చాక వెతుక్కునే టైమ్ ఉండదు. పూర్తి ట్రాన్‌స్క్రిప్ట్ కింద ఉంది.