నీటి అడుగున ఊపిరి – పొగ త్రాగువారికి ఒక హెచ్చరిక

గత మాసమున మా ఇబ్రహీంపట్నం వైద్యశాలకు ముప్పది యేండ్ల యువకుడొకడు వచ్చినాడు. హైదరాబాదులో ఉద్యోగం. మిత్రులతో కలసి విశాఖపట్నం రుషికొండ తీరమున స్కూబా డైవింగ్ చేయవలెనని ఉత్సాహం. "అయ్యగారూ, ఊపిరి బలపడేందుకు ఒక లేహ్యం ఇయ్యండి" అని అడిగినాడు. నాడి చూచుచుండగానే సిగరెట్టు వాసన తగిలినది. రోజుకు పది త్రాగునట. "పెద్ద చెరువులో ఈత కొట్టినవాణ్ణి, నాకేం కాదు" అన్నాడు. నేను లేహ్యం ఇయ్యలేదు. కారణమేమో అతనికి చెప్పినదే పాఠకులకును విన్నవించుచున్నాను.

సిలిండరులోని లెక్క

వీపున గాలి సిలిండరు, నోట రెగ్యులేటరు – ఇదియే స్కూబా. 1943లో ఫ్రాన్సు దేశీయులైన కూస్తో, గాన్యాన్ రూపొందించిన పద్ధతియే నేటికీ దీనికి ఆధారం. విహారమునకు వెళ్ళువారి సిలిండరులో సామాన్యముగా ఉండునది మనం నిత్యం పీల్చు గాలియే. 12 లీటర్ల సిలిండరును 200 బార్ల ఒత్తిడితో నింపినచో సుమారు 2,400 లీటర్ల గాలి పట్టును. అత్యవసరమునకు నాలుగవ వంతు మిగిల్చినచో వాడుకొనుటకు 1,800 లీటర్లు.

సముద్రమున ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగును. కావున ఒడ్డున నిమిషమునకు 20 లీటర్లు పీల్చువాడు 10 మీటర్ల లోతున 40, 20 మీటర్ల లోతున 60 లీటర్లు వాడును. అనగా 20 మీటర్ల వద్ద అతనికి 30 నిమిషములు వచ్చును. ఆయాసముతో 25 లీటర్లు పీల్చువానికి అక్కడ 24 నిమిషములే. ఒడ్డున లెక్కకు రాని కొద్దిపాటి ఆయాసం లోతున మూడింతలగును.

భయపడు క్రొత్తవాడు పొగ త్రాగకున్నను గాలిని త్వరగా ఖర్చు చేయును. అనుభవజ్ఞుడు పొగ త్రాగువాడైనను నిదానముగా పీల్చవచ్చును. అంతమాత్రమున అతని ఊపిరితిత్తులు క్షేమమని భావింపరాదు.

పొగ చేయు అపకారములు

మొదటిది: పొగలోని కార్బన్ మోనాక్సైడు రక్తములోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. నికోటిన్ గుండె వేగమును పెంచును. ప్రవాహమునకు ఎదురీదవలసి వచ్చినప్పుడు ఇట్టివాడు త్వరగా ఆయాసపడును.

రెండవది: శ్వాసనాళములందలి సూక్ష్మరోమములు చచ్చుబడి కఫం పేరుకొనును. ముక్కు, చెవి మార్గములు వాచినచో చెవులలో ఒత్తిడి సరిచేసుకొనుట కష్టమగును.

మూడవది అన్నింటికంటె భయంకరం. 10 మీటర్ల లోతునుండి పైకి వచ్చుసరికి ఊపిరితిత్తులలోని గాలి రెండింతలగుటకు యత్నించును. అది నోటిద్వారా పోవలెను. కఫమో, నాళముల సంకోచమో అడ్డుపడిన చోట గాలి చిక్కుకొని ఊపిరితిత్తిని చీల్చవచ్చును. గాలిబుడగలు రక్తములో చేరి మెదడుకు పోయినచో ప్రాణాపాయం.

శాస్త్రోక్త ధూమపానం వేరు

"చరకుడే ధూమపానం చెప్పినాడు కదా" అని కొందరు వాదింతురు. చరక సంహిత సూత్రస్థానం అయిదవ అధ్యాయమున ధూమపానం చెప్పబడినది, నిజమే. అది ఓషధులతో చేసిన వర్తి. దానికి కాలం, పరిమితి, చేయకూడని వారు అని నియమములు కలవు. పొగాకు అమెరికా ఖండములందు పుట్టి, పోర్చుగీసువారితో మన దేశమునకు వచ్చినది. దానికి చరకుని పేరు తగిలించుట అన్యాయం.

చేయవలసినది

ప్రయాణమునకు ముందురోజు మానినచో చాలునా? చాలదు. శుభ్రమైన గాలిలో కార్బన్ మోనాక్సైడు సుమారు నాలుగైదు గంటలకు సగమగుచు, ఒక దినములో చాలవరకు పోవును. శ్వాసనాళములు కోలుకొనుటకు మాత్రం వారములు, మాసములు పట్టును. మానిన క్రొత్తలో దగ్గు పెరుగవచ్చును. కఫం కదలుచున్నదని గ్రహించి ధైర్యముగా నుండవలెను. దగ్గు తగ్గకున్నను, రక్తం పడినను వెంటనే వైద్యునికి చూపవలెను.

పొగ కోరిక కొద్ది నిమిషములే ఉండును. ఆ సమయమున కొంచెం సోంపు నమలుట, గోరువెచ్చని నీరు త్రాగుట, నాలుగడుగులు నడచుట మేలు. మనసు నిలువనివారు 1800-11-2356 అను ఉచిత జాతీయ సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చును.

డైవింగుకు ముందు ఇచ్చు ఆరోగ్యపత్రమున పొగ అలవాటును, ఉబ్బసమును దాచరాదు. ఛాతీ వైద్యునిచే ఊపిరి పరీక్ష చేయించుకొనవలెను. జలుబు, దగ్గు ఉన్ననాడు నీట దిగరాదు. ప్రాణాయామం అభ్యసించువారికి ప్రత్యేక హెచ్చరిక: స్కూబాలో కుంభకం పనికిరాదు. ఊపిరి బిగబట్టి పైకి వచ్చుట మృత్యువును పిలుచుటయే. విడువక, నిదానముగా శ్వాసించుచునే రావలెను.

పేరుకొన్న పొగను ఒక్క సీసా లేహ్యం కడిగివేయజాలదు. ఆ యువకుడు నొచ్చుకొన్నాడు గాని, తుదకు ప్రయాణమును మూడు మాసములు వాయిదా వేసికొన్నాడు. పొగ మాని, ఊపిరి పరీక్ష కాగితం తెచ్చిననాడు బలమునకు ఏమి సేవించవలెనో చెప్పెదనన్నాను. మీ ఇంటి పిల్లలు సముద్ర విహారమునకు బయలుదేరునపుడు టికెట్ల సంగతితో పాటు ఈ సంగతియు అడుగుడు.